ఎడమ టైరు సాక్ష్యం

ఉదయం తొమ్మిదీ ఐదు. మఆన్ జైలు ములాఖత్ గదిలో నా ఎదురుగా కూర్చున్న మనిషి, నేను నోరు తెరవకముందే నేరం ఒప్పేసుకున్నాడు.

"నా చేత్తోనే చంపాను అన్నా. ఇంకేం అడుగుతారు?"

ఇలాంటి కక్షిదారులంటే నాకు ఒళ్ళు మంట. అబద్ధాలకోరుని పట్టుకోవడం నాకు చేతనైన పని. పద్నాలుగేళ్ళు పోలీసు ట్రాఫిక్ ప్రమాదాల విభాగంలోనూ, ఎనిమిదేళ్ళు సొంతంగా దర్యాప్తులు చేస్తూనూ చేసింది అదే. తన పీక తనే నొక్కుకుంటూ వద్దనకండి అని బతిమాలేవాణ్ణి ఏం చెయ్యాలి?

అతని పేరు దైఫల్లా. ముప్పై ఆరేళ్ళు. గని నుంచి అఖబా రేవుకి ఫాస్ఫేట్ తోలే లారీ డ్రైవరు. మొన్న మంగళవారం పదకొండూ నలభైకి, రాస్ అల్ నఖబ్ కొండ దిగుడులో, అతని లారీ కుడి ముందు టైరు పేలింది. బండి కుడికి కోసుకుపోయి రోడ్డు పక్కన ఆగివున్న గొర్రెల పికప్‌ని గుద్దింది. పికప్‌లో ఉన్న ఘాజీ అనే కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. గొర్రెల వ్యాపారి హాజ్ మిస్లెహ్‌కి ఒక్కగానొక్క కొడుకు.

ఆ సాయంత్రమే దైఫల్లా చిన్నాన్న పెద్దమనుషులతో వెళ్ళి, "తప్పు మాదే, గడువివ్వండి" అని అడిగాడు. మా వైపు మర్యాదస్తులు చేసే పని అదే. అడక్కముందే తప్పు నెత్తిన వేసుకుంటే ఎదుటివాళ్ళ రక్తం చల్లబడుతుంది. కాకపోతే, ఒకసారి ఒప్పుకున్నాక టైరు మొహం చూసేవాడు ఉండడు.

గడువు ఇవాళ సాయంత్రపు అసర్ నమాజుతో సరి. నాలుగూ పదికి పెద్దలు హాజ్ గుడారంలో కూర్చుని, "డ్రైవరు గాలి తీసేయడం వల్లే టైరు పేలింది" అని రాజీ కాగితం రాస్తారు. కోర్టుకి ఆ ముక్క చాలు. శిక్ష సంగతి అలా ఉంచండి, దైఫల్లా పిల్లలు ఈ ఊళ్ళో ఎప్పటికీ ఆ ముక్కకి వారసులు.

నన్ను పెట్టుకున్నది అతని భార్య వద్హా. నిన్న వచ్చి కళ్ళనీళ్ళు లేకుండా చెప్పింది. "తప్పు చేస్తే అనుభవించనివ్వండి అన్నా. చెయ్యకపోతే మాత్రం ఆ మాట ముందు ఆయనకే చెప్పండి. మంగళవారం నుంచి ముద్ద ముట్టలేదు. పంపిన రొట్టె పంపినట్టే తిరిగొస్తోంది."

ఇవాళ కూడా రొట్టె బల్లమీద అలాగే ఉంది.

"చేత్తో ఏం చేశావ్, సరిగ్గా చెప్పు," అన్నాను.

"గాలి తీశాను. గని కాటా దగ్గర."

"ఎన్నింటికి?"

"పదీ పావుకి. కాటా చీటీ మీద టైము ఉంటుంది. టైర్లు ముట్టుకుంటే కాలిపోతున్నాయి. ఎండకి గాలి ఉబ్బిందని కాస్త వదిలాను."

"తెలివి తెల్లారినట్టే ఉంది! వేడి మీద గాలి పెరగడం టైరుకి మామూలే. గాలి చూసుకోవాల్సింది తెల్లారగట్ల, బండి కదలకముందు. వేడిలో తీస్తే చల్లారాక టైరు సగం ఆకలితో ఉంటుంది. ఎవడు నేర్పాడు నీకు?"

"మా నాన్న. మా లైన్లో అందరూ అంతే అన్నా."

"మళ్ళీ చేశావంటే నేనే లోపలేయిస్తా. సరే, ఎంతసేపు వదిలావ్?"

"ఐదు లెక్కపెట్టేదాకా."

"ఒక్క కుడి టైరుకేనా?"

"రెండు ముందు టైర్లకీ. ఎప్పుడూ రెండిటికీ సమానంగానే తీస్తాను."

నా పెన్ను ఆగింది. ఆ మాటని అతను తన మీద సాక్ష్యంగా చెప్పాడు. నాకు మాత్రం అది వేరేలా వినబడింది.

"బండి ఎలా నడిచేది?"

"రెండు నెలలుగా పక్కకి లాగుతోంది. స్టీరింగు వంకరగా పట్టుకుంటేనే తిన్నగా పోయేది. గనిలో బండరాయి ఎక్కినప్పటి నుంచీ అంతే. అబూ సమీహ్ గారికి మూడుసార్లు చెప్పాను. 'రాడ్ సరిచేయించాను, ఇంకా ఏడుస్తావేం' అన్నారు."

అబూ సమీహ్ లారీల యజమాని. పాతిక బళ్ళు, పెద్ద తలపాగా, అంతకన్నా పెద్ద మంచిపేరు. ఇవాళ దైఫల్లా తరఫున పెద్దమనుషుల ముందు నడిచేదీ ఆయనే.

లేవబోతూ అడిగాను. "ఆ టైర్ల మీద గుర్తేమైనా ఉందా?"

మొదటిసారి అతని మొహంలో చిన్న గర్వం కనపడింది. "మా తాత ఒంటెల ముద్ర అన్నా. ఒక గుండ్రం, కింద రెండు గీతలు. యార్డులో టైర్లు తారుమారు చేస్తారని, ముందు రెండిటికీ లోపలి వైపు ఇనుము కాల్చి వేసుకున్నాను."

"ఆ రొట్టె తిను," అన్నాను. తినలేదు.

*

పదకొండు గంటలకి, దైఫల్లా లాయరు ఇచ్చిన కాగితం చూపించి పోలీసు యార్డులోకి వెళ్ళాను. గేటు దగ్గర రిజిస్టరు తిప్పాను. దైఫల్లా నడిపిన ముప్పై ఒకటో నంబరు లారీ: ఘటనాస్థలం నుంచి ఒంటిగంటా పదికి బయల్దేరింది, యార్డుకి చేరింది నాలుగూ యాభైకి. క్రేనుకైనా గంటంబావు దారి అది. మధ్యలో రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు ఎక్కడో ఆవిరయ్యాయి. క్రేను ఎవరిదని చూశాను. అబూ సమీహ్‌దే.

లారీ ముక్కు నలిగి నేలకి ఆనుకుని ఉంది. ముందు కుడి టైరు చూశాను. పక్కగోడ చీలి వేలాడుతోంది. రెండు అంచులూ అరిగి నున్నగా ఉన్నాయి, నడుమ మాత్రం గాడులు లోతుగానే ఉన్నాయి. నెలల తరబడి గాలి తక్కువై నడిచిన టైరు ఇలాగే ఉంటుంది. లోపలి పక్కగోడలో జానెడు ముక్క లేదు, దాని చుట్టూ ఆకురాయి పెట్టినట్టు గరుకుగా ఉంది. రిమ్ము అంచు రోడ్డుకి గీరుకుపోయి ఉంది.

ఇక ఎడమ టైరు. పేలలేదు గనక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతిని బయటి అంచు నుంచి లోపలికి నిమిరాను. నున్నగా జారింది. అదే చేతిని లోపలి నుంచి బయటికి లాగాను. రంపపు పళ్ళలా గుచ్చుకుంది.

అక్కడే కూర్చుండిపోయాను. టైరు తిన్నగా దొర్లకుండా పక్కకి ఈడ్చుకుంటూ పోతేనే ఇలా అరుగుతుంది. ముందు చక్రాలు రెండూ ముక్కులు లోపలికి తిప్పుకుని నడిచాయన్న మాట. అలా తిప్పేది రెండిటినీ కలిపే టై రాడ్. అది ఒక టైరుని ఈడ్చి రెండో టైరుని ముద్దుచేయదు. కుడి టైరుకీ ఇదే అరుగుదల ఉండాలి. మన రోడ్లు కుడికి వాలు గనక ఇంకా ఎక్కువే ఉండాలి.

లారీ కిందకి దూరాను. టై రాడ్‌కి కొత్త నల్ల పెయింటు. తాళంచెవితో గీకితే కింద నీలం మరక తేలింది. వంగిన రాడ్‌ని మంటలో కాల్చి, సుత్తితో కొట్టి తిన్నగా చేశారు. అలాంటి రాడ్‌ని తీసి అవతల పారేయాలి. తక్కువలో తక్కువ, సరిచేశాక చక్రాల అలైన్‌మెంటైనా చూడాలి. ఎడమ టైరు లోపలి వైపు టార్చి వేశాను. ఒక గుండ్రం, కింద రెండు గీతలు.

"కింద ఏం పోగొట్టుకున్నారు ఫవ్వాజ్?"

ఆ గొంతు నాకు తెలుసు. అమ్మాన్ నుంచి వచ్చిన ఇన్సూరెన్సు మదింపుదారు, ఇంజినీర్ రుష్దీ. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. ఈ కేసులో "గాలి తక్కువ, డ్రైవరు నిర్లక్ష్యం" అని రిపోర్టు రాసింది ఆయనే.

"మీ రిపోర్టులో సగం పోయిందండీ. వెతుకుతున్నాను," అన్నాను బయటికొచ్చి.

"డ్రైవరే ఒప్పుకున్నాడు కదా. ఇంకా ఈ దుమ్ములో పొర్లడం దేనికి?"

"ఒప్పుకున్నది మనిషి. టైరు ఒప్పుకోలేదు. ఎడమ దాని మీద చెయ్యి పెట్టి చూశారా?"

"పేలింది కుడిది."

"అతను రెండిటికీ గాలి తీశాడు. రెండూ ఒకేలా అరగాలి కదా? కుడిది రెండంచులా అరిగింది. ఎడమది ఒక పక్కకి, రంపంలా. ఒకే ఇరుసు మీద నడిచిన రెండు టైర్లు రెండు కథలు చెబుతుంటే, ఒకటి ఆ ఇంటి పిల్ల కాదన్న మాట."

ఆయన నవ్వాడు. "రాడ్ దెబ్బకి వంగి ఉంటుంది."

"అరక్షణంలో తగిలిన దెబ్బకి, రెండు నెలల అరుగుదల ఎలా వస్తుంది ఇంజినీర్ గారూ? దెబ్బకి వంగిన రాడ్‌కి పెయింటు ఎవడు వేశాడు?"

నవ్వు కొంచెం తగ్గింది. "రిమ్ము చూడలేదా? రోడ్డుకి గీరుకుంది. అది ఈ బండిదే."

"రిమ్ము నిజమే. దానిమీద తొడిగిన టైరే అబద్ధం. చేతనైనవాడికి అరగంట పని. క్రేను రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు ఎక్కడుంది?"

"లోడు దింపి ఉంటారు."

"లోడు కొండ దగ్గరే దింపారు. ఆ కుప్ప ఇంకా అక్కడే ఉంది, నిన్న నేను చూశాను, మీరూ వెళ్ళి చూడండి. కుడి టైరుకి ముద్ర కూడా లేదు."

"ఆ ముక్క పేలినప్పుడు ఊడిపోయుండొచ్చు." ఆయన ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "చూడండి, అసలు టైరంటూ ఉంటే తీసుకురండి. లేదంటే మీ అరచేతి జాతకానికి నేను రిపోర్టు మార్చను. సాయంత్రం నేనూ గుడారానికి వస్తున్నాను."

మనిషి మీద కోపమొచ్చింది గానీ, మాటలో తప్పు లేదు. టైరు కావాలి.

*

ఒంటిగంటన్నర. అబూ సమీహ్ యార్డు. యజమాని లేడు, సాయంత్రానికి తన పొడుగు పై అంగీ, అబాయా, ఇస్త్రీ చేయించుకోడానికి వెళ్ళాడట. టైర్లు విప్పే సబ్రీ ఒక్కడే ఉన్నాడు. ఈజిప్టు డెల్టా వాడు, యాభై దాటాడు, చేతులు రబ్బరులా నల్లబడిపోయాయి. నన్ను చూసి కుర్చీ తుడిచాడు.

"మంగళవారం రెండు, రెండున్నర మధ్య క్రేను ఇక్కడికొచ్చిందా మావయ్యా?"

సబ్రీ చేతిలోని గుడ్డని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. "నేనీ దేశంలో పనిచేసే పర్మిట్టు ఆయన బీరువాలో ఉంది బాబూ," అన్నాడు చివరికి.

అంతకన్నా పెద్ద జవాబు నాకు అక్కర్లేదు. ఆ మనిషిని ఇంకా పిండడానికి మనసొప్పలేదు.

"పోనీలే. పాత టైర్ల కుప్ప ఎక్కడ?"

అతను ప్రహరీ మూలకి వేలు చూపించాడు. అక్కడ నేల మీద నల్లటి గుండ్రాల అచ్చులు తప్ప ఏమీ లేవు.

"అమ్మేశారా?"

"లేదు బాబూ. బుధవారం దుమ్ముగాలి లేచింది కదా, హాజ్ గారి గుడారం ఎగిరిపోతోందని కబురొచ్చింది. పాపం చావు ఇల్లు కదా! ఊరంతా ఏదో ఒకటి పంపుతోంది. మా యజమాని పంచదార బస్తా, నీళ్ళ ట్యాంకరు పంపారు. తాళ్ళకి బరువుగా టైర్లు కూడా వేసి పంపమన్నారు. నేనే ట్రక్కుకి ఎత్తాను." తల వంచుకున్నాడు. "చేతికందినవన్నీ ఎత్తాను. ఒకదాన్ని పూడ్చిపెట్టమన్నారు ముందు రోజు. ఈ రాతినేలలో నా ఒక్కడివల్ల ఎక్కడవుతుంది? అదీ వాటితోనే..."

ఆగిపోయాడు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఈ ఊళ్ళో చావింటికి ఏమీ పంపకుండా ఉండగలిగినవాడు లేడు. అబూ సమీహ్ కూడా ఉండలేకపోయాడు.

*

మూడున్నరకి హాజ్ మిస్లెహ్ వాకిట్లో ఉన్నాను. సంతాపం మూడు రోజులూ అయిపోయినా, పెద్దల కోసం గుడారం విప్పలేదు. చుట్టూ పద్దెనిమిది తాళ్ళు, ఒక్కో తాడుకి ఒక్కో టైరు, టైర్ల నిండా ఇసుక. నేను ఒక్కొక్కటీ నిమురుకుంటూ వెళ్ళాను. లోపల సర్దుతున్నవాళ్ళు నాకు మతిపోయిందనుకుని ఉంటారు.

పదకొండోది చీలిన టైరు. బయటి అంచు తీగలు తేలిపోయేలా అరిగింది. చెయ్యి లోపలికి నిమిరాను, జారింది. బయటికి లాగాను. అరచేతిలో రక్తపు చుక్క లేచింది.

"నా గుడారం ఎందుకు కూలుస్తున్నావయ్యా?"

హాజ్ మిస్లెహ్. డెబ్భై ఏళ్ళ మనిషి, ఈ నాలుగు రోజుల్లో సగమైపోయాడు. ఏం చెప్పాలో అబూ సమీహ్ యార్డు నుంచీ ఆలోచిస్తున్నాను. అంత ఆలోచించీ, ముసలాయన చెయ్యి పట్టుకుని టైరు మీద పెట్టాను.

"ఇటు నిమరండి హాజ్. ఇప్పుడు అటు."

ఆయన నిమిరాడు. ఆగాడు. ఇంకోసారి నిమిరాడు. జీవితమంతా గొర్రెల వీపులు తడిమిన చెయ్యి అది.

"అడ్డంగా ఈడ్చారు దీన్ని," అన్నాడు మెల్లగా. "చాలా రోజులు ఈడ్చారు."

"డ్రైవరు గాలి తీస్తే ఇలా అరగదు. చక్రం వంకర. అతను మూడుసార్లు మొత్తుకున్నాడు, యజమాని వినలేదు. మీ అబ్బాయిని తీసుకుపోయిన టైరు ఇది హాజ్. పోలీసు యార్డులో ఉన్నది వేరేది."

గాలికి తాడు లాగుతోంది. ఇద్దరం ఇసుక తోడి, తాడు విప్పి, టైరుని తిరగేశాం. ఒక గుండ్రం, కింద రెండు గీతలు.

"దైఫల్లా తాత ఒంటెల ముద్ర," అన్నాడు హాజ్. "ఆయనతో కలిసి తబూక్ దాకా నడిచాను నేను." అని ఆ గుండ్రం మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. "నాలుగు రోజులు దీని పక్కనే కూర్చుని ఏడ్చాను ఫవ్వాజ్. దీనికి వీపు ఆనించి."

నేను తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను. చెప్పడానికి సిగ్గేం లేదు.

*

నాలుగూ పది. నమాజు అయింది. గుడారంలో నలభై మంది. ముందు వరసలో ఇస్త్రీ అబాయాతో అబూ సమీహ్, ఆయన పక్కన ఫైలుతో రుష్దీ, వెనక తలవంచుకుని దైఫల్లా చిన్నాన్న. అబూ సమీహ్ ముందు కాఫీ గిన్నె పెట్టారు. ఆయన ముట్టుకోలేదు. అడగవచ్చిన మాట ఒప్పుకుని "తాగండి" అని ఇంటాయన అనేదాకా వచ్చినవాళ్ళు ముట్టుకోరు.

అబూ సమీహ్ గొంతు సవరించుకున్నాడు. "హాజ్, మా డ్రైవరు పొరపాటు చేశాడు. ఒప్పుకున్నాడు. వాడి తరఫున నేను తల వంచుతున్నాను."

"ముందొక మాట," అన్నాడు హాజ్. "గాలికి నా గుడారం ఎగిరిపోతుంటే బరువులు పంపిన పుణ్యాత్ముడెవరు? పేరు చెప్పి దీవిద్దామని."

అబూ సమీహ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అంత మాటెందుకు హాజ్? పొరుగువాడిగా నా బాధ్యత. నా యార్డులోవే, పద్దెనిమిదీ."

"పద్దెనిమిదీ నీవేనా? అందరూ విన్నారుగా."

అప్పుడు నేను టైరుని దొర్లించుకుంటూ వచ్చి తివాచీ నడుమ పడేశాను. ముద్ర పైకి వచ్చింది. దైఫల్లా చిన్నాన్న కూర్చున్నవాడు ఒక్క ఉదుటున లేచాడు.

అందరికన్నా ముందు కదిలింది రుష్దీ. ఇస్త్రీ మడత చెడుతుందని చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి అటూ ఇటూ నిమిరాడు. చేతిని చూసుకున్నాడు. తర్వాత ఫైల్లోంచి తన రిపోర్టు తీసి, నిలువునా చించాడు.

"ఇన్స్‌పెక్టర్ గారికి నేనే ఫోన్ చేస్తాను," అన్నాడు నాతో, కళ్ళు కలపకుండా.

హాజ్ మిస్లెహ్ ముందుకి వంగి, అబూ సమీహ్ ఎదుట ఉన్న గిన్నె తీసుకుని, కాఫీని నిప్పుల్లో ఒంపేశాడు. బుస్సుమంది. మా వైపు అంతకన్నా పెద్ద తిట్టు లేదు. అబూ సమీహ్ అబాయా సర్దుకుని లేచాడు గానీ, వాకిలి దగ్గర నలుగురు మనుషులు దారివ్వలేదు.

దైఫల్లా చిన్నాన్న ఏడుస్తున్నాడు. హాజ్ ఆయన్ని చూసి, నావైపు తిరిగాడు.

"ఆ పిల్లాడు అన్నం మానేశాడని విన్నాను. నిజమేనా?"

"మంగళవారం నుంచీ, హాజ్."

"ఇవాళ ములాఖత్ ఎన్నింటిదాకా?"

"ఆరింటిదాకా."

ముసలాయన లోపలికి వెళ్ళి, తన కొడుకు దినానికి కాల్చిన రొట్టెల్లోంచి రెండు గుడ్డలో చుట్టుకుని వచ్చాడు.

"పద. వాడి పెళ్ళాం పెడితే తినలేదు, నువ్వు చెబితే తినలేదు. నేను పెడతాను. నా చేత్తో పెడితే కాదంటాడేమో చూద్దాం."